బొటనవేలు అడగని గురువు

మన దేశంలో మేటి క్రీడా శిక్షకులకు కేంద్ర ప్రభుత్వం 1985 నుంచి ఇస్తున్న పురస్కారం పేరు ద్రోణాచార్య. ఆదివాసీ పిల్లల కోసం అదే కేంద్రం నెలకొల్పిన ఆదర్శ గురుకులాల పేరు ఏకలవ్య. బొటనవేలు అడిగి పుచ్చుకున్నవాడి పేరు గురువులకు గౌరవమైంది. కోసి ఇచ్చినవాడి పేరు అడవి పిల్లల బడికి బోర్డయింది. ఈ రెండు పేర్లూ ఒకే ప్రభుత్వ దస్త్రాలలో పక్కపక్కన ఉండటం చూసి కూడా మనకేమీ అనిపించకపోవడమే అసలు విషాదం. ఇల్లందు చుట్టుపక్కల బడులలో సుదీర్ఘకాలం వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన నాకూ ఏళ్ళ తరబడి ఏమీ అనిపించలేదు. అనిపించేలా చేసింది ఒక హైదరాబాదు బడిపంతులు జీవితం. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

భారత ఫుట్‌బాల్ చరిత్రలో చెప్పుకోదగిన విజయాలను లెక్కబెడితే ఒక చేతి వేళ్ళు చాలు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో మళ్ళీ స్వర్ణం. ఈ మూడింటి వెనుకా ఉన్న శిక్షకుడు రహీం ఒక్కరే. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా వల్ల ఈ తరం విద్యార్థులకు ఆయన పేరు కొంత తెలిసింది. సినిమాకు కథానాయకుడు కావాలి కనుక అది ఒక వీరుడిని చూపింది. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ వీరుడి గురించి కాక, ఆయనలోని ఉపాధ్యాయుడి గురించి. ప్రతిభ పుట్టుకతో వస్తుందని నమ్మే సమాజానికి ఆ ఉపాధ్యాయుడు తన వృత్తి ద్వారా ఇచ్చిన జవాబు గురించి.

ముందుగా నా తప్పు నేను చెప్పుకోవాలి. నేను పుట్టింది బొగ్గుట్టలో. ఇల్లందుకు మా పెద్దల వాడుక పేరది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ నేలలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి అనే ఊరి పేరే తర్వాత యావత్తు సంస్థకూ పేరైంది. మా నాయన కోల్‌ఫిల్లర్. మాది మాదిగ కుటుంబం. గనిలో దిగినవాళ్ళందరి ముఖాలూ ఒకే నలుపు. పైకి వచ్చి స్నానం చేశాక మాత్రం ఎవరి వాడ వారిదే, ఎవరి నీళ్ళు వారివే. అందువల్ల పుట్టుకను బట్టి మనిషిని కొలవడం ఎంత నీచమో నాకు ఎవరూ పుస్తకంలో చూపించి చెప్పవలసిన అవసరం రాలేదు. అయినా ఆ కొలబద్దనే నేను మరొకరి మీద వాడాను.

1990లలో నా దగ్గర ఒక కోయ పిల్లవాడు ఫుట్‌బాల్ ఆడేవాడు. గుండాల వైపు అడవిలోని గూడెం అతనిది. ఎడమకాలితో అతను బంతిని ఆపితే అది అక్కడే అతుక్కుపోయినట్టు నిలిచేది. మైదానం చూడటానికి వచ్చిన పెద్దమనుషులు ప్రతిసారీ ఒకే మాట అనేవారు. అడవి బిడ్డ కదా, ఆట వాళ్ళ రక్తంలోనే ఉంటుందనేవారు. నేనూ తలూపేవాడిని. నేనూ ఆ మాటే పదిమందికి చెప్పేవాడిని. పొగడ్త కనుక అందులో విషం ఉంటుందని నాకు తోచలేదు. ఒక ఏడాది జిల్లా స్థాయి ఎంపికలకు అతన్ని తీసుకెళ్ళాను. రాళ్ళు తేలిన మైదానం. ఎదుటి జట్టు పిల్లలందరి కాళ్ళకూ బూట్లు. ఇతనివి ఉత్తకాళ్ళు. పావుగంటలో కుడికాలి బొటనవేలి గోరు ఊడి వచ్చింది. గుడ్డ చుట్టుకుని చివరిదాకా ఆడాడు. ఎంపిక కాలేదు. ఆ సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్ళినవాడు తిరిగి బడికి రాలేదు.

ఆ నెల జీతంలో ఒక జత బూట్లకు సరిపడా డబ్బు నా జేబులో ఉంది. బూట్లు కొనాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఎందుకంటే ఆట అతని రక్తంలో ఉందని నేను నమ్మాను. రక్తంలో ఉన్నదానికి బూట్లెందుకు, శిక్షణ ఎందుకు, గుడ్డూ పాలూ ఎందుకు? ఈ ప్రశ్న దగ్గరే నాకు రహీం అవసరమయ్యారు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, అక్కడి జట్టులో ఆడారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఆయన పనిచేసిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, చివరి రెండు బడులలోనూ ఆటల బాధ్యత చూశారు. అంటే ఆయన ఫుట్‌బాల్‌ను చూసిన చూపు మొదటి నుంచీ తరగతి గదిలోని చూపే. బడికి వచ్చిన ప్రతి పిల్లవాడికీ అక్షరం వస్తుందని నమ్మకపోతే పంతులు పని చేయలేడు. కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి రాదు అనుకున్న క్షణాన ఆ ఉద్యోగం కాపలా ఉద్యోగమవుతుంది. రహీం ఈ పంతులు నమ్మకాన్ని మైదానానికి తీసుకెళ్ళారు. 1940ల తొలి ఏళ్ళ నుంచి మరణించేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యారు.

ఆ కాలాన్ని కాస్త గుర్తు చేసుకోవాలి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. పాత కొలువులు పోయి, బతుకు మీద అనుమానపు నీడ పడి, హైదరాబాదు ముస్లిం సమాజం తల దించుకుని బతుకుతున్న రోజులవి. సరిగ్గా ఆ రోజులలో, 1950లో, హైదరాబాదు పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అదే ఏడాది డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. రోవర్స్ కప్‌ను 1954 దాకా వరుసగా 5 సార్లు ఇంటికి తెచ్చింది. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని అందరూ అనుకుంటున్న కాలంలో ఒక కొత్త రాజధాని వెలిసింది. పోలీసు చర్య జరిగి రెండున్నరేళ్ళు గడవకముందే, 1951 మార్చిలో ఢిల్లీలో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి ఆసియా స్వర్ణం గెలిచిన భారత జట్టుకు శిక్షకుడు ఒక హైదరాబాదీ ముస్లిం ఉపాధ్యాయుడు. దేశభక్తిని నిరూపించుకోవాలని ఎవరినైనా నిలదీసేవారు ఈ తేదీలను ఒకసారి పక్కపక్కన రాసుకుని చూడాలి.

రహీం కులం గురించి ఉద్యమం చేసిన మనిషి కాదు. ఆయన్ని సంఘ సంస్కర్తగా చూపించడం అబద్ధమవుతుంది. పైగా సయ్యద్ అన్న ఇంటిపేరు ముస్లిం సమాజంలో వంశ గౌరవానికి గుర్తు. పస్మాందా ఉద్యమకారులు ప్రశ్నిస్తున్న ఆధిక్యానికి సంబంధించిన పేరది. ఈ సంగతి దాచిపెట్టి ఆయన గురించి రాయడం ఈ పుటకు తగదు. కానీ ఒక మనిషి తన పనిని ఏ సూత్రం మీద నడిపాడో చూడటానికి అతని ఉపన్యాసాలు అక్కరలేదు. పని చాలు. రహీం పని నడిచిన సూత్రం ఒకటే. నైపుణ్యం నేర్పితే వస్తుంది. నేర్పవలసిన బాధ్యత గురువుది. పుట్టుకను సంపదగా భావించే వ్యవస్థకు ఇంతకన్నా పెద్ద ధిక్కారం ఏముంటుంది?

ఆయన పద్ధతులు చూడండి. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు నిర్వహించేవారు. అంటే బంతిని తన కాళ్ళ దగ్గరే ఉంచుకుని ఒక్కడే గారడీ చేయడం కుదరదు. వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో ఆడాలి. ప్రకృతి ఇచ్చిన కాలు ఒకటి, గురువు ఇచ్చే కాలు రెండోది. పుట్టుకతో వచ్చినది సగమేననీ, మిగతా సగం సాధనతో వస్తుందనీ చెప్పడానికి ఇంతకన్నా తేటగా పాఠం చెప్పలేము. హైదరాబాదు జట్లు పొట్టి పాస్‌లతో, ఒకే స్పర్శతో బంతిని ముందుకు నడపడానికి పేరు పొందాయి. బంతి ఒకరి సొత్తు కాకుండా పదకొండు మంది మధ్య తిరగడమే ఆ ఆట అందం. భూమి, నీరు, చదువు ఒకరి దగ్గరే నిలిచిపోవడానికి అలవాటు పడిన దేశంలో ఈ ఆటను నేను మామూలు ఆటగా చూడలేను.

ఫుట్‌బాల్‌లో మరో విశేషం కూడా ఉంది. దాన్ని ముట్టుకోకుండా ఆడలేము. భుజం భుజం రాసుకోవాలి, ఒకరి చెమట మరొకరికి అంటాలి. క్రికెట్‌కు ఈ ఇబ్బంది లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో ఈ దేశపు గొప్ప బౌలర్ పల్వంకర్ బాలూ దళితుడు. మైదానంలో ఆయన వేసిన బంతితో హిందూ జట్టు గెలిచేది. విరామ సమయంలో ఆయనకు మాత్రం టీ బయట, విడిగా మట్టి ముంతలో ఇచ్చేవారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 100కు పైగా వికెట్లు తీసినా ఆయనకు హిందూ జట్టు నాయకత్వం దక్కలేదు. ప్రతిభ ఉంటే కులం అడ్డు రాదని వాదించేవారికి బాలూ చరిత్ర చాలు. ప్రతిభను వాడుకోవడం వేరు, ప్రతిభ కలవాడిని మనిషిగా చూడటం వేరు. ఫుట్‌బాల్ స్వభావం ఎంత మంచిదైనా, ఎవరిని ఆడించాలో, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలో నిర్ణయించే శిక్షకుడు సరైనవాడు కాకపోతే ఆ ఆట కూడా పాత ఊరు లాగే ఉంటుంది.

ఇప్పుడు ఉత్తకాళ్ళ సంగతికి వస్తాను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్ళు ఎక్కువ మంది బూట్లు లేకుండా ఆడారు. ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడినా, ఉత్తకాళ్ళతో అంత బాగా ఆడటం చూసి విదేశీయులు ముచ్చటపడ్డారు. మనమూ మురిసిపోయాం. నాలుగేళ్ళ తర్వాత హెల్సింకీలో ఆ మురిపెం తీరింది. 1952 జులైలో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. ఆ చలి నేల మీద చాలామంది మన ఆటగాళ్ళవి ఉత్తకాళ్ళే. అప్పుడూ శిక్షకుడు రహీమే. ఘోరమైన ఓటమి అది. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాను. ఉత్తకాళ్ళను ముచ్చటగా చూసేవారెవరు? బూట్లు ఉన్నవారు. పేదవాడి లేమిని వాడి ప్రత్యేక శక్తిగా వర్ణించడం వల్ల ఒక లాభం ఉంది. ఆ లేమిని తీర్చవలసిన బాధ్యత తప్పిపోతుంది. దళితుడికి ఒంటి బలం పుట్టుకతో వస్తుందనీ, ఆదివాసీకి పరుగు, విలువిద్య రక్తంలో ఉంటాయనీ, పై కులాలవారికి లెక్కలు, వేదాంతం వంశంలో ఉంటాయనీ చెప్పే మాటలన్నీ ఒకే చెట్టు కొమ్మలు. ఒకడికి పుట్టుకతో తెలివి లేదని చెప్పే నిందా, ఒకడికి పుట్టుకతో ఆట ఉందని చెప్పే పొగడ్తా చేసే పని ఒక్కటే. రెండూ అతనికి గురువు అవసరం లేదని తీర్పు చెబుతాయి. మొదటిది నేర్పినా రాదంటుంది. రెండోది నేర్పకపోయినా వస్తుందంటుంది. రెండు విధాలా నష్టపోయేది ఆ పిల్లవాడే. నా కోయ శిష్యుడికి నేను చేసిన అన్యాయం రెండో రకానిది.

రహీం ఆ ఓటమి నుంచి పాఠం తీసుకుని జట్టును తిరిగి నిర్మించారు. 1956 మెల్‌బోర్న్‌లో భారత జట్టు బూట్లు కట్టుకుని దిగింది. హంగరీ విరమించుకోవడంతో తొలి రౌండు దాటి, ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా అందులో మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. ఆ సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్ళీ యుగోస్లావియానే. ఈసారి ముందు గోల్ కొట్టింది భారత్. చివరకు 4-1తో ఓడినా, నాలుగేళ్ళ కిందటి 10-1 ఎక్కడ, ఇది ఎక్కడ? రక్తం మారలేదు. బూట్లు, శిక్షణ, ఆట అమరిక మారాయి.

రహీం శిష్యులలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండేది తులసీదాస్ బలరాం కథ. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ అనే ఊళ్ళో 1936లో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. రహీం కన్ను అతని మీద పడింది. కానీ శిక్షణ కోసం రోజూ హైదరాబాదు వచ్చి వెళ్ళడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బు లేదు. సైకిలు మీద వచ్చిపోవడానికి అయ్యే ఖర్చు రహీమే చూసుకున్నారు. బలరాం స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు 1956లో ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. హైదరాబాదు 1956-57లోనూ, 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 1962లో అర్జున పురస్కారం అందుకున్నాడు. 2023లో కన్నుమూసేదాకా ఈ దేశపు గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడిగా పేరు నిలుపుకున్నాడు. ఒక సైకిలుకు అయిన ఖర్చు ఎంత? నా జేబులో ఉండిపోయిన బూట్ల డబ్బు ఎంత? ఈ రెండు ప్రశ్నలూ నన్ను ఇప్పటికీ వదలవు.

కుల వ్యవస్థ గుండెకాయ వారసత్వం. తండ్రి స్థానం కొడుకుకు దక్కడమే దాని నియమం. రహీం జీవితంలో ఈ నియమానికి పరీక్ష 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఎదురైంది. ఆయన కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం మంచి ఆటగాడు. ఆ జట్టుకు ఎంపికయ్యాడు కూడా. ఆ ఒలింపిక్స్‌లో భారత్ మూడు మ్యాచ్‌లు ఆడింది. హంగరీ చేతిలో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచి, పెరూ చేతిలో 3-1తో ఓడింది. హకీం ఒక్క మ్యాచ్‌లోనూ మైదానంలోకి దిగలేదు. ఆ మూడు మ్యాచ్‌లలో భారత్ కొట్టిన గోల్స్ మూడు. వాటిలో రెండు బలరాంవి. శిక్షకుడి కొడుకు బయట కూర్చున్నాడు, అమ్ముగూడ పేద కుర్రాడు ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టాడు. ఈ ఒక్క దృశ్యాన్ని అశ్వత్థామకు ఇంట్లోనూ అర్జునుడికి ఆశ్రమంలోనూ విద్య నేర్పి, ఏకలవ్యుడిని గుమ్మం నుంచే పంపేసిన గురువు పక్కన పెట్టి చూడండి. రాజకీయ పార్టీలు, సినిమా రంగం, న్యాయస్థానాలు, విశ్వవిద్యాలయాలు కొడుకులతో, అల్లుళ్ళతో నిండిపోయిన మన రాష్ట్రాలలో ఈ దృశ్యం విలువ నేను విడిగా చెప్పనక్కరలేదు.

1962 జకార్తా ఆయన చివరి పరీక్ష. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించి ఫైనల్ చేరారు. అక్కడ మళ్ళీ దక్షిణ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేసియా వీసాలు ఇవ్వకపోవడాన్ని భారతీయ ఒలింపిక్ ప్రతినిధి గురుదత్ సోంధీ తప్పుబట్టారు. దాంతో ఆ నగరంలో భారతీయులపై ఆగ్రహం రగులుతోంది. సెప్టెంబరు 4న దాదాపు లక్షమంది నిండిన స్టేడియం మన జట్టుకు వ్యతిరేకంగా హోరెత్తింది.

ఆ జట్టును ఒకసారి చూడండి. హైదరాబాదు నుంచి ఎదిగిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఫ్లూ జ్వరం నుంచి లేచి వచ్చి నిలబడ్డాడు. పంజాబ్ సిక్కు జర్నైల్ సింగ్, గోవా క్రైస్తవుడు ఫ్రాంకో, బెంగాలీలు చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, హైదరాబాదీలు యూసుఫ్ ఖాన్, బలరాం. జర్నైల్ సింగ్ వృత్తిరీత్యా డిఫెండర్. థాయిలాండ్‌తో ఆటలో తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనుక నిలబడి తలతో బంతిని ఎదుర్కోవడం ప్రమాదమైంది. రహీం అతన్ని ఇంటికి పంపలేదు, ముందుకు జరిపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్‌లో భారత్ 2-1తో గెలిచింది. ఒక గోల్ పి.కె. బెనర్జీది. రెండోది కుట్లు పడ్డ తలతో ఆడిన ఆ డిఫెండర్‌ది.

ఈ మార్పు సాహసం గురించి క్రీడా వ్యాసాలలో చాలా చదివాం. నాకు మాత్రం అందులో మరో అర్థం కనిపిస్తుంది. ఎవరి పని వారికి పుట్టుకతో నిర్ణయమైపోయిందనీ, కాపలావాడు కాపలాకే, ఏలేవాడు ఏలడానికేననీ చెప్పేదే వర్ణ వ్యవస్థ. వెనుక నిలబడి అడ్డుకోవడమే పనిగా ఉన్నవాడిని ముందుకు తెచ్చి గోల్ కొట్టించగలిగిన గురువు, మనిషి స్థానం శాశ్వతం కాదని మైదానం మీద నిరూపించాడు. ముందు వరుసలో కొందరు, వెనుక వరుసలో కొందరు ఉండవచ్చు. ఎవరు ఎక్కడ ఉండాలో అవసరం, సామర్థ్యం చెప్పాలి తప్ప తండ్రి పేరు చెప్పకూడదు.

ఆ స్వర్ణం తెచ్చిన తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడలలో మళ్ళీ స్వర్ణం గెలవలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన సంతోష్ ట్రోఫీ ఆ తర్వాత తెలుగు నేలకు తిరిగి రాలేదు. ప్రతిభ రక్తంలోనే ఉండి ఉంటే ఆ రక్తం 1963 తర్వాత ఎక్కడికి పోయింది? హైదరాబాదు బస్తీలు అక్కడే ఉన్నాయి, ఆ కుటుంబాల పిల్లలు అక్కడే పుడుతున్నారు. లేనిది నేర్పే వ్యవస్థ. లేనివి మైదానాలు. ఒక మనిషి పోతే కూలిపోయేటంత పలచగా కట్టుకున్నాం ఆ ఇంటిని. ఇది రహీం గొప్పతనానికి సాక్ష్యమే కావచ్చు, కానీ అంతకన్నా ఎక్కువగా మన సిగ్గుకు సాక్ష్యం.

రెండు ఆసియా స్వర్ణాలు తెచ్చిన ఈ మనిషి పేరు పద్మ పురస్కారాల జాబితాలో లేదు.  శిక్షకులకు గౌరవం ఇవ్వాలని 1985లో ప్రభుత్వం తలచినప్పుడు, అంతకు 22 ఏళ్ళ ముందే మరణించిన ఈ నిజమైన గురువు ఎవరికీ గుర్తు రాలేదు. పురాణంలోని గురువు గుర్తుకొచ్చాడు. హైదరాబాదు మైదానాల నుంచే ఎదిగిన సయ్యద్ నయీముద్దీన్‌కు 1990లో ఇచ్చిన పురస్కారం పేరు కూడా ద్రోణాచార్యే. రహీం నగరపు ఆటగాడి చేతికి ద్రోణుడి ప్రతిమ! పేర్లలో ఏముందిలే అనేవారికి నా జవాబు ఒకటే. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే జ్ఞాపకం వారి చేతిలో ఉంటుంది.

నేర్పితే వస్తుందన్న రహీం సూత్రం మన కళ్ళ ముందే మరోసారి రుజువైంది. 2014 మేలో అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన దళిత విద్యార్థి సాధనపల్లి ఆనంద్, నిజామాబాద్ జిల్లా లంబాడా బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. కొండలు వాళ్ళ రక్తంలో లేవు. శిక్షణ దొరికింది, బూట్లు దొరికాయి, నమ్మిన గురువులు దొరికారు. పొగడ్త మాని బాధ్యత తీసుకుంటే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఆ ఇద్దరి పేర్లు చాలు.

నేను ఇప్పుడు ఇల్లందులోనే ఉంటున్నాను. భూగర్భ గనుల కాలం పోయింది, ఓపెన్‌కాస్టు గుంతలు ఊరి అంచులను తింటున్నాయి. ఆ కోయ పిల్లవాడు ఇప్పుడు నడివయసు మనిషి. అప్పుడప్పుడు సంతలో కనిపిస్తాడు. నన్ను చూస్తే ఇప్పటికీ సారూ అని నమస్కారం పెడతాడు. అతని కొడుకు ఒక ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నాడు, బంతి ఆడతాడట. మొన్న వేసవిలో ఆ అబ్బాయికి ఒక జత బూట్లు కొనిచ్చాను. తండ్రి వద్దనలేదు, కృతజ్ఞతలూ చెప్పలేదు. తన కుడికాలి బొటనవేలి వైపు ఒకసారి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఆలస్యమైన ఆ బూట్లతో నా అప్పు తీరదని ఇద్దరికీ తెలుసు.

ఈ దేశానికి శిక్షకుల కొరత ఉందో లేదో నాకు తెలియదు కానీ, శిష్యుడి వేలు అడిగే గురువుల కొరత మాత్రం ఎన్నడూ లేదు. ప్రవేశ పరీక్ష పేరుతో, ఇంటర్వ్యూ మార్కుల పేరుతో, భాష యాస పేరుతో, చివరకు రక్తంలో ఉందన్న పొగడ్త పేరుతో కూడా ఆ వేలు అడుగుతూనే ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఉత్తమ శిక్షకుడి పురస్కారానికి రహీం పేరు పెట్టడం ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. కానీ ఆ ఉత్తర్వు కన్నా ముందు, ప్రతి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడూ తన ఎదుట నిలబడ్డ ఉత్తకాళ్ళను చూసి ముచ్చటపడటం మానుకోవాలి. ఆ కాళ్ళకు ఏమి కావాలో అడగడం నేర్చుకోవాలి. గురువు ఇచ్చేవాడు. పుచ్చుకునేవాడిని గురువు అనడం మనం మానుకున్న రోజున రహీంకు పురస్కారం దక్కినట్టే.